మన బోర్డు మనమే గీసుకుందాం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "నీకు ఇరవై నిమిషాలు ఇస్తున్నాం. పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పు. నీ ఉద్యోగం గొప్పలు మాత్రం వద్దు" అన్నాడు. పదో తరగతిలో నా పక్క బెంచీవాడు, అందుకే అంత చనువు. వాడి మాట ప్రకారమే ఉద్యోగం సంగతి పక్కన పెట్టి, ఒక పనిముట్టు గురించి చెబుతాను. మధ్యలో నేను చేసిన రెండు తప్పులు కూడా చెప్పక తప్పదు.

ఉదయం ప్రార్థనకు మోగిన గంట మీరందరూ విన్నారు. మనం చదువుకునే రోజుల్లో వేపచెట్టుకు రైలుపట్టా ముక్క వేలాడుతూ ఉండేది. గంట తాత ఇనుప కడ్డీతో కొట్టేవాడు. ఆయనకు జ్వరం వస్తే ఆ రోజు లెక్కల పీరియడ్ రెండు గంటలు సాగేది. ఇవాళ మోగింది కరెంటు గంట. దాన్ని వేళకు మోగించింది నా చేతిలో ఉన్న ఈ ఆకుపచ్చ పలక. దీన్ని పీసీబీ అంటారు, అంటే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు. ఈ పలకను గీసింది నేను కాదు. మన బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న నలుగురు పిల్లలు. గీయడానికి వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టలేదు, ఎక్కడా దొంగతనంగా కాపీ కొట్టలేదు. నేను చెప్పదలచింది దాని గురించే.

మొదట ఈ పలక అంటే ఏమిటో చెబుతాను. మీ సెల్‌ఫోన్, టీవీ రిమోట్ ఏది విప్పినా లోపల ఇలాంటి పలక ఒకటి ఉంటుంది. గాజునూలు, జిగురు కలిపి చేసిన అట్ట ఇది. మందం మామూలుగా 1.6 మిల్లీమీటర్లు. దాని మీద అతికించిన రాగి రేకు మందం 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇంచుమించు ముప్పయ్యో వంతు. అక్కర్లేని రాగిని మందులో కరిగించి తీసేస్తే, మిగిలిన గీతలే తీగల పని చేస్తాయి. 1936 ప్రాంతంలో లండన్‌లో ఉన్న ఆస్ట్రియా ఇంజనీరు పాల్ ఐస్లర్ ఈ పద్ధతిలో రేడియో తయారు చేశాడు. అంతకుముందు రేడియో లోపల అంతా తీగల చిక్కే. ఒక్కో తీగనూ మనిషి చేత్తో అతకాలి.

నేను 1985 బ్యాచ్. ఇక్కడి నుంచి పాలిటెక్నిక్‌కు వెళ్లి, డిప్లమా చేతికి రాగానే హైదరాబాద్ కుషాయిగూడలో ఒక చిన్న యూనిట్‌లో చేరాను. అప్పట్లో బోర్డు గీయడం అంటే ఏమిటో నేటి ఇంజనీర్లకు చెప్పినా నమ్మరు. కింద లైటు వెలిగే గాజు బల్ల. దాని మీద పారదర్శకమైన ఫిల్ము. ఆ ఫిల్ము మీద సన్నటి నల్ల టేపు అతికించుకుంటూ పోవాలి. కాలు దిగే ప్రతి చోటా గుండ్రటి స్టిక్కరు. అన్నీ అసలు సైజుకు రెట్టింపు. అయ్యాక దాన్ని కెమెరాతో సగానికి తగ్గించి ఫోటో తీసేవారు. మే నెల ఎండకు టేపు జిగురు మెత్తబడి, పొద్దున అతికించిన గీత సాయంత్రానికి పక్కకు జరిగేది. బ్లేడు పట్టుకుని మళ్లీ మొదలు. ఆ పనిలో నాకు ఓర్పు ఉందంటే దానికి కారణం మన డ్రాయింగు మాస్టారు. గీత వంకర పోతే కాగితం చింపేసి, "ఇంకోటి తెచ్చుకో నాయనా" అనేవారు. తిట్టేవారు కాదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉండేది.

నా మొదటి తప్పు ఆ రోజుల్లోదే. ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు ఉంటాయి. కలెక్టర్, బేస్, ఎమిటర్. బీసీ 547 అనే రకాన్ని చదునుగా ఉన్న ముఖం మనవైపు పెట్టి చూస్తే, కాళ్లు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్ అనే వరసలో ఉంటాయి. చూడటానికి అచ్చం అలాగే ఉండే పీఎన్ 2222 రకానికి ఆ వరస తిరగబడి ఉంటుంది. నేను ఒకదానికి గీసి ఇంకోటి తెప్పించాను. 50 బోర్డులు, బోర్డుకు 4 చొప్పున 200 ట్రాన్సిస్టర్లు. ఒక్క రిలే కూడా కిమ్మనలేదు. మూడు రాత్రులు కూర్చుని 200 ట్రాన్సిస్టర్లనూ ఊడబెరికి, తిప్పి, మళ్లీ అతికించాను. యజమాని ఏమీ అనలేదు. ఫ్లాస్కులో టీ పంపించాడు. ఆ టీ నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. టేపు పోయి మౌస్ వచ్చింది. బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ ధర అడిగితే నా ఏడాది జీతం కంటే ఎక్కువ. మరి అందరూ ఎలా నేర్చుకున్నారు? గురువుల ముందు అబద్ధం చెప్పలేను. ఫ్లాపీలలో కాపీ చేసుకుని నేర్చుకున్నాం. ఒకరి దగ్గర నుంచి ఒకరికి, ఒక గది నుంచి ఇంకో గదికి. అది తప్పని తెలుసు. పేదవాడికి వేరే దారి ఏదని సర్ది చెప్పుకున్నాం. పని నేర్చుకోవడానికి మొదటి మెట్టే దొంగతనం కావడం ఎంత చెడ్డ అలవాటో, మా కింద కుర్రాళ్లకు నేర్పే వయసు వచ్చాక గాని అర్థం కాలేదు. నేనే వాళ్ల చేతికి కాపీ ఇవ్వవలసి వచ్చింది.

ఆ బాధ పడలేక, కొంతకాలానికి మా యూనిట్ డబ్బు పోగేసి ఒక సాఫ్ట్‌వేర్‌ను సక్రమంగా కొన్నది. పేరు అనవసరం. దానితో పాటు డాంగిల్ అని బొటనవేలంత బిళ్ల ఒకటి ఇచ్చారు. కంప్యూటర్‌కు ప్రింటర్ తగిలించే చోట దాన్ని గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. చాలా బోర్డులు దానిలోనే గీశాను. అందులో ఒకటి రైసు మిల్లువాళ్లు ధాన్యం ఆరబెట్టే డ్రయ్యర్‌కు వేడిని అదుపులో పెట్టే కంట్రోలర్.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఒక నవంబరులో ఆ మిల్లు యజమాని వచ్చాడు. పిడుగు పడి కంట్రోలర్లు కాలిపోయాయట. కోతలు ముమ్మరంగా ఉన్నాయి, తడి ధాన్యం మిల్లు ముందు కుప్పలు పడి ఉంది, అవే బోర్డులు మళ్లీ వెంటనే కావాలన్నాడు. అదెంత పని అనుకుని పాత సీడీ తీశాను. ఫైలు ఉంది. తెరుచుకోలేదు. పాత కంప్యూటర్ ఎప్పుడో చెడిపోయింది. కొత్త కంప్యూటర్‌కు ఆ బిళ్ల గుచ్చే చోటే లేదు. అమ్మినవాళ్లను అడిగితే ఆ రకం ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. కొత్తదానిలో పాత ఫైలు సరిగ్గా తెరుచుకుంటుందని మాత్రం హామీ ఇవ్వలేమన్నారు.

చివరికి ఏం చేశానంటే, కాలిపోయిన బోర్డునే బల్ల మీద పెట్టుకుని, మీటరుతో ఒక్కో గీత ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో వెతుక్కుంటూ, నేను గీసిన బొమ్మను నేనే మళ్లీ కాపీ కొట్టుకున్నాను. రెండు వారాలు పట్టింది. ఈలోగా ఆయన ధాన్యం కొంత రంగు మారింది. ఆయన పెద్దగా చదువుకున్న మనిషి కాదు. నన్ను ఒక్క మాట అడిగాడు. "బాబూ, నువ్వు గీసిన బొమ్మే నీ దగ్గర తెరుచుకోదా?"

నా దగ్గర జవాబు లేదు. డబ్బు కట్టాను, రసీదు ఉంది, గీసింది నేను. అయినా తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంది. అద్దె ఇంటి పెరట్లో మామిడి మొక్క నాటినట్టు అయింది నా పని. నేను చేసిన రెండో తప్పు ఇదే. ట్రాన్సిస్టర్ తిరగేయడం కంటే ఇది పెద్ద తప్పు అని నా నమ్మకం, ఎందుకంటే ఊడబెరికి తిప్పడానికి ఇందులో కాళ్లు లేవు.

ఆ తర్వాతే కీక్యాడ్ నా కంటపడింది. దీన్ని 1992లో జాన్ పియర్ షరాస్ అనే ఫ్రెంచి ఆయన మొదలుపెట్టారు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నగరంలోని సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసేవారు. చాలా ఏళ్లు అది కొద్దిమందికే తెలిసిన సాఫ్ట్‌వేర్. 2013 ప్రాంతం నుంచి స్విట్జర్లాండ్‌లోని సెర్న్ సంస్థ తన ఇంజనీర్లను ఈ పనిలో పెట్టింది. పరమాణువుల లోపలి కణాలను ఢీకొట్టించి చూసే ప్రయోగశాల అది. వాళ్లకు కీక్యాడ్‌తో ఏం పని అంటారా? వాళ్లు తయారు చేసిన ఎలక్ట్రానిక్ బోర్డుల బొమ్మలను ప్రపంచంలో ఎవరైనా తెరిచి, చూసి, మార్చుకునేలా ఉంచాలనుకున్నారు. బొమ్మ అందరికీ ఇచ్చి, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ మాత్రం లక్షలు పోసి కొనుక్కోమంటే ఇచ్చినట్టా? మిల్లు యజమాని నన్ను అడిగిన ప్రశ్నకు వాళ్లు వెతుక్కున్న జవాబు అది.

2018లో వచ్చిన 5వ రకంతో సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో గీసిన చోటే పరీక్షించి చూసే వీలు కూడా కలిగింది. 2019లో ఈ ప్రాజెక్టు లైనక్స్ ఫౌండేషన్ నీడకు చేరింది. 2025లో 9వ రకం వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై వాళ్లు కంప్యూట్ మాడ్యూల్ 4 కోసం చేసిన ఐఓ బోర్డు బొమ్మను కీక్యాడ్ ఫైళ్లుగా అందరికీ ఇచ్చారు. బల్గేరియాలో ఒలిమెక్స్ అనే సంస్థ ఏకంగా ల్యాప్‌టాప్ బోర్డులనే ఇందులో గీసింది. మన దేశంలో ఐఐటీ బాంబే వాళ్ల ఫాసీ ప్రాజెక్టు తయారు చేసిన ఈసిమ్ కూడా కీక్యాడ్‌ను, ఎన్‌జీస్పైస్‌ను కలిపి కట్టినదే. అదే ఐఐటీలో స్పోకెన్ ట్యుటోరియల్ అని ఇంకో ప్రాజెక్టు ఉంది. ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల మీద తెలుగులో కూడా పాఠాలు వినిపిస్తారు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఓపెన్ సోర్స్ అంటే చాలామంది ఉచితం అనుకుంటారు. గుడిలో ప్రసాదమూ ఉచితమే. కానీ ప్రసాదం చేసే విధానం ఎవరూ మనకు చెప్పరు. ఓపెన్ సోర్స్‌లో ప్రసాదంతో పాటు వంటగది తాళం కూడా ఇస్తారు. వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. కీక్యాడ్ లాంటివాటిలో మార్చినదాన్ని పంచితే, అవతలివాళ్లకు కూడా ఇవే హక్కులు ఇవ్వాలి. ముఖ్యమైన షరతు అదే. మనం గీసిన బొమ్మ మాత్రం పూర్తిగా మనదే. పైగా కీక్యాడ్ బొమ్మను మామూలు అక్షరాల ఫైలుగా దాస్తుంది. రేపు కీక్యాడే లేకపోయినా, ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏ కాలు దేనికి కలిసిందో చదువుకోవచ్చు. బిళ్ల గుచ్చనక్కర్లేదు.

ఇది ఊహకు చెబుతున్న మాట కాదు. నా వయసువాళ్లలో చాలామంది పని నేర్చుకున్న ఈగిల్ అనే సాఫ్ట్‌వేర్ 2026 జూన్ 7 తర్వాత అందుబాటులో ఉండదని దాని యజమాని ఆటోడెస్క్ ప్రకటించింది. వ్యాపారంలో అది వాళ్ల ఇష్టం, తప్పు పట్టను. ఈగిల్ ఫైళ్లను కీక్యాడ్ తెరవగలదు కాబట్టి చాలామంది ఒడ్డున పడ్డారు.

సరే, గంట కథకు వస్తాను. పోయిన వేసవిలో నేను ఊరికి వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయులు అన్నారు, గంట కొట్టే మనిషి రిటైరయ్యాడు, వేళకు గంట మోగడం లేదు, ఏదైనా చేయండి అని. బజారులో కొని ఇస్తే అయిపోయేది. కానీ కంప్యూటర్ గదిలో ఆరు పాత కంప్యూటర్లు దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిలో నాలుగు బతికాయి. నలుగురు పిల్లలు ముందుకొచ్చారు. వాళ్లతోనే చేయిద్దాం అనిపించింది.

గంటకు కావలసినవి ఇవి. వేళ చెప్పే గడియారం చిప్పు, డీఎస్ 3231. మామూలు వాతావరణంలో ఏడాదికి ఇంచుమించు ఒక్క నిమిషం కంటే ఎక్కువ తేడా రాదు. కరెంటు పోయినా గుండీ బ్యాటరీ మీద నడుస్తుంది. ఎప్పుడు మోగాలో చెప్పే మైక్రోకంట్రోలర్ ఒకటి. దాని మాట విని రిలేను లాగే ట్రాన్సిస్టర్ ఒకటి. అదే బీసీ 547, నా పాత స్నేహితుడు. గంటకు కరెంటు ఇచ్చే రిలే.

మొదటి మెట్టు సర్క్యూట్ బొమ్మ గీయడం. ఇది నిజమైన వస్తువుల బొమ్మ కాదు, గుర్తుల బొమ్మ. దేనికి ఏది కలవాలో మాత్రమే చెబుతుంది. ఊరి మ్యాపు లాంటిది కాదు, వంశవృక్షం లాంటిది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఉంటుంది గాని ఎవరి ఇల్లు ఎక్కడుందో ఉండదు. అది అయ్యాక ఈఆర్‌సీ అని ఒక తనిఖీ ఉంటుంది. ఏదైనా కాలు గాలిలో వేలాడుతోందా, రెండు అవుట్‌పుట్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయా అని చూసి చెబుతుంది.

రెండో మెట్టు, ప్రతి వస్తువుకూ బోర్డు మీద కూర్చునే చోటు ఎంపిక చేయడం. ఇంగ్లిష్‌లో ఫుట్‌ప్రింట్ అంటారు. పిల్లలకు ఆ మాట నోరు తిరగక, మొదటి రోజే "పీట" అని పేరు పెట్టేశారు. చిప్పు పీట, రిలే పీట. నాకు భలే నచ్చింది. కాళ్ల మధ్య దూరం ఎంత, రంధ్రం ఎంత, అన్నీ పీటలో ఉంటాయి. ఇక్కడే నేను ఒక చిట్కా చెప్పాను. బోర్డు బొమ్మను అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయండి. కాగితాన్ని థర్మాకోల్ మీద పెట్టి నిజమైన వస్తువులను దాని మీద గుచ్చి చూడండి. రిలే పీటలో ఒక కాలు కుదరలేదు. ఒక కాగితంతో పోయింది. లేకపోతే పది బోర్డులు పోయేవి.

మూడో మెట్టు బోర్డు మీద దారులు వేయడం. పీటలన్నీ పరిచాక, కలవాల్సిన కాళ్ల మధ్య సన్నటి గీతలు సాలెగూడులా కనిపిస్తాయి. ఒక్కో గీతనూ రాగి దారిగా మార్చుకుంటూ పోవాలి. అడ్డం వస్తే కింది వైపుకు దిగి, దాటి పైకి రావాలి. ఆ రంధ్రాన్ని వయా అంటారు. పిల్లలు దానికి "సొరంగం" అని పేరు పెట్టారు. దారి ఎంత వెడల్పు ఉండాలని అడిగారు. అప్పుడు పదో తరగతి పుస్తకం తెప్పించాను. నిరోధం పొడవుకు అనులోమం, మధ్యచ్ఛేద వైశాల్యానికి విలోమం. రాగి విశిష్ట నిరోధం పుస్తకంలోనే ఉంది. ఒక మిల్లీమీటరు వెడల్పు, 35 మైక్రాన్ల మందం, పది సెంటీమీటర్ల పొడవు ఉన్న దారి నిరోధం లెక్క కట్టమన్నాను. ఇంచుమించు 0.05 ఓమ్ అని వచ్చింది. అంత వెడల్పు దారిలో రెండు ఆంపియర్లు పోయినా పెద్దగా వేడెక్కదు. మన రిలేకు కావలసింది 70 మిల్లీ ఆంపియర్లే. "సార్, ఈ లెక్క నిజంగా వాడతారా?" అని ఒక పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. భౌతికశాస్త్రం చెప్పే మేడమ్ గారు పక్కనే ఉన్నారు. ఆవిడ ముఖంలో వెలుగు చూసి తీరాలి.

230 వోల్టుల వైపు మాత్రం పిల్లలను వెళ్లనివ్వలేదు. ఆ వైపు రాగికి, ఈ వైపు రాగికి మధ్య 8 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, మధ్యలో బోర్డునే చీల్చి గాడి పెట్టించాను. తీగలు బిగించింది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్. తల్లిదండ్రులు ఈ మాట గమనించాలి.

చివర డీఆర్‌సీ అనే ఇంకో తనిఖీ. దారులు మరీ దగ్గరగా ఉన్నాయా, ఎక్కడైనా కలవడం మరిచిపోయామా అని చూస్తుంది. అది "తప్పులు సున్నా" అన్నాక గెర్బర్ ఫైళ్లు తీయాలి. ఒక్కో పొరకూ ఒక్కో ఫైలు, రంధ్రాలకు ఇంకోటి. ఏ దేశంలో ఏ ఫ్యాక్టరీకి పంపినా ఆ ఫైళ్లు చదువుతారు.

పంపబోతున్న రోజు సాయంత్రం జరిగిన సంగతి చెప్పడానికే ఇంతసేపు మాట్లాడాను. ఆ వారం రిలే భాగం నేనే గీసి ఇచ్చాను. వాళ్లకు కష్టమని. తనిఖీలు రెండూ అయ్యాయి. తప్పులు సున్నా. నేను బ్యాగు సర్దుకుంటున్నాను. ఒక అమ్మాయి తెర ముందు నుంచి లేవలేదు. "సార్, డయోడ్ మీద వెండి గీత ప్లస్ వైపు ఉండాలని మీరే చెప్పారు కదా. ఇక్కడ ఇటు ఉందేంటి?" అంది.

చూశాను. డయోడ్ తిరగబడి ఉంది. రిలే ఆగినప్పుడు దాని చుట్టలో మిగిలిన శక్తి ఎదురు తన్నకుండా ఆ డయోడ్ దారి ఇస్తుంది. తిరగేసి పెడితే, ట్రాన్సిస్టర్ ఆన్ అయిన క్షణంలోనే కరెంటంతా దాని గుండా పారి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. ముప్పై ఐదేళ్లకు పైగా బోర్డులు గీసినవాడిని. సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. పట్టుకోదు కూడా, ఎందుకంటే కాళ్లు రెండూ దేనికో దానికి కలిసే ఉన్నాయి. మన ఉద్దేశం ఏమిటో దానికి తెలియదు. తొమ్మిదో తరగతి అమ్మాయికి తెలిసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సిగ్గుతో కాదు. ఒకటే ఆలోచన. ఆ బొమ్మ పాత రోజుల్లోలా నా ఒక్కడి ల్యాప్‌టాప్‌లో, నా ఒక్కడి లైసెన్సు కింద ఉండి ఉంటే ఏమయ్యేది? ఆ పిల్లకు తయారైన బోర్డు మాత్రమే అందేది. కాలిపోయాక కూడా, "సారు గీశారు, మనమే ఏదో తప్పు చేసి ఉంటాం" అనుకునేది. బొమ్మ తన తెర మీద ఉంది కాబట్టి చూసింది. చూసింది కాబట్టి అడిగింది. మన గురువులు మనకు నేర్పింది ఇదే కదా, అర్థం కాకపోతే చెయ్యెత్తి అడగమని. చెయ్యెత్తాలంటే ముందు బొమ్మ కనపడాలి.

కీక్యాడ్‌లో కష్టాలు లేవని చెప్పను. మొదటి వారం చిరాకు పుడుతుంది. దారులు దానంతట అదే వేసే సదుపాయం అందులో లేదు, బయటి నుంచి తెచ్చి తగిలించుకోవాలి. దానితో వచ్చే పీటల్లో మనకు కావలసినది లేకపోతే మనమే చేసుకోవాలి. ఎవరో ఇచ్చిన పీటను కళ్లు మూసుకుని నమ్మితే నా 200 ట్రాన్సిస్టర్ల కథ మళ్లీ జరుగుతుంది. పెద్ద కంపెనీలు అతివేగంగా పనిచేసే, పొరలు ఎక్కువ ఉన్న బోర్డులకు ఖరీదైన సాఫ్ట్‌వేర్లే వాడుతున్నాయి. అక్కడ ఉద్యోగానికి వెళితే అవీ నేర్చుకోవాలి. కానీ ఒకటి బాగా వస్తే రెండోది నెల రోజుల పని. సైకిల్ వచ్చినవాడికి మోపెడ్ ఎంతసేపు?

ఇక అసలు విషయం. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఆర్చి కట్టించాలని మన సంఘం అనుకుంటోంది. దాతల పేర్లు పాలరాయి మీద చెక్కిస్తారు. నేనూ చందా ఇచ్చాను, నా పేరూ ఉంటుంది. తప్పు లేదు. ఊరికి వచ్చినప్పుడు పేరు చూసుకుంటే ఎవరికైనా సంతోషమే. నా మనవి ఒక్కటే. ఆర్చి ఎత్తు రెండు అడుగులు తగ్గిద్దాం. మిగిలిన డబ్బుతో పది కంప్యూటర్లు, నాలుగు సోల్డరింగ్ ఐరన్లు, రెండు మీటర్లు, ఏడాదికి కొన్ని బోర్డులు చేయించడానికి ఖర్చు. సాఫ్ట్‌వేర్ పద్దు కింద సున్నా రాయండి. ఆ సున్నా రాయడానికి ఎవరికీ భయపడనక్కర్లేదు.

డబ్బు కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. మన బ్యాచ్‌లలో ఈ పని తెలిసినవాళ్లు కనీసం పదిమందైనా ఉంటారు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. నెలకు ఒక శనివారం రెండు గంటలు ఇవ్వండి. ఊరికి రాలేకపోతే వీడియోలో కనపడండి. పిల్లలు గీసిన బొమ్మ మీకు పంపుతారు. మీ కంప్యూటర్‌లో కూడా అదే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తప్పులు వెతకండి. జాగ్రత్త, వాళ్లు మీ తప్పులు కూడా వెతుకుతారు.

ఉపాధ్యాయులకు ఒక మాట. మీకు ఎలక్ట్రానిక్స్ రాకపోయినా పరవాలేదు. భౌతికశాస్త్రం మేడమ్ గారు ఓమ్ నియమం చెప్పారు, లెక్కల మాస్టారు మిల్లీమీటర్లను అంగుళాల్లోకి మార్పించారు, తెలుగు మాస్టారు "పీట", "సొరంగం" రెండూ బాగున్నాయని ఒప్పుకున్నారు. ఈ బోర్డులో అందరి పాఠమూ ఉంది.

పిల్లలూ, ఈ బోర్డు వెనక వైపు మీ నలుగురి పేర్లు తెల్ల అక్షరాలతో అచ్చు వేయించాను. ఆర్చి మీద పేరుకు చందా కావాలి, దీని మీద పేరుకు పని కావాలి. బొమ్మ ఫైళ్లన్నీ బడి కంప్యూటర్‌లో ఒకటి, గ్రంథాలయంలో పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టాం. పక్క ఊరి బడివాళ్లు అడిగితే ఇచ్చేయండి. వాళ్లు గంటల వేళలు మార్చుకుని వాడుకుంటారు. రేపు ఏ పిడుగో పడి ఈ బోర్డు కాలిపోతే, నన్ను వెతుక్కుంటూ రానక్కర్లేదు. నేను ఉండకపోవచ్చు కూడా. ఆ ఫైలు తెరవండి, మళ్లీ చేయించుకోండి. మీ బొమ్మ మీ దగ్గర తెరుచుకుంటుంది.

కార్యదర్శి గారు గడియారం చూసుకుంటున్నారు. ఆయన చూడనక్కర్లేదు, పన్నెండు కాగానే పిల్లల గంటే నన్ను దించేస్తుంది. వేపచెట్టు కింద మాకు వేళ నేర్పిన గంట తాతకు, వంకర గీత చింపేసిన డ్రాయింగు మాస్టారికి, నా డయోడ్‌ను తిప్పిన ఆ అమ్మాయికి నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.